బాపూ, ఆ గీజర్ తేవద్దు

కంఠేశ్వర్, నిజామాబాద్

బాపుకు,

నీ చిన్నబిడ్డ సుజాత దండాలు పెట్టి రాస్తున్నది. నన్ను కన్న అవ్వకు కూడా దండాలు చెప్పు. నేను బాగున్నాను. ఒంట్లో ఏ బాధా లేదు, వేళకు తింటున్నాను, చీరల దుకాణంలో పనికి పోతున్నాను. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, కింద ఉన్నది చదివి నువ్వు కంగారుపడి బస్సెక్కకూడదని. మళ్లీ చెప్తున్నాను, నేను బాగున్నాను.

నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? అవ్వకు దగ్గు తగ్గిందా? అక్క కాళ్ల వాపు ఇంకా ఉందా? నెలలు నిండిన మనిషి, బిందెలు ఎత్తనీయకండి. బావ వచ్చి చూసి పోతున్నాడా?

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కడివే చదువుకో బాపూ. ఎప్పటిలాగా అరుగు మీద కూర్చుని అందరికీ వినబడేటట్టు చదవకు. మధ్యలో భయపెట్టే సంగతి ఉంది. అక్క ఈ సమయంలో వినకూడదు. అవ్వకు నీకు తోచినట్టు చెప్పుకో.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పాను. మొన్న మధ్యాహ్నం దుకాణం మెట్ల మీద నిలబడి ఎంత గట్టిగా అరిచానో నీకు తెలియదు.

"బాపూ, గీజర్ తేవద్దు," అన్నాను.

"ఆ, తెస్తనే. అంగడి నాడు బోధన్ పోతున్న గద, తెస్త. నువ్వేం ఫికరు చెయ్యకు," అన్నావు నువ్వు.

"తేవద్దంటున్న బాపూ! వద్దు!"

"ఆ, ఆ. మంచిది సూసే తెస్త తియ్యి."

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. నీకు వినపడలేదు. అక్కకు ఫోను ఇవ్వమందామంటే ఆమెకు చెప్పే సంగతి కాదు. నీకు చెవి మందగించినా కన్ను బాగుంది, పేపరును చివరి మూల దాకా చదువుతావు. అందుకే కాగితం పట్టుకున్నాను. రేపు పొద్దున మన ఊరికి పోతున్న గంగారాం మామ చేతికి ఇస్తున్నాను. అంగడి రోజున నువ్వు బోధన్ సంతకు పోకముందే ఇది నీకు అందాలి.

గీజర్ సంగతి అప్పుడే రాయబుద్ధి కావడం లేదు. ముందు మిగతావి రాస్తాను. ఎట్లాగూ నువ్వు ‘పట్నంల కొత్తగ ఏమొచ్చినయే, ఏమేం సూసినవ్’ అని అడుగుతావు. ఊళ్లో అందరికన్నా ముందు మిక్సీ తెచ్చినవాడివి, దాన్ని చూడడానికి వచ్చినవాళ్లకు చాయ్ పోసినవాడివి.

ప్యాకెట్లో అమ్మే దోశపిండి తెచ్చి చూశాం. నేనూ, నాతో గదిలో ఉండే లావణ్యా. నీకు తెలుసు కదా, భీమ్‌గల్ పిల్ల, మా దుకాణంలోనే పట్టుచీరల దగ్గర నిలబడుతుంది. మొదటి రోజు దోశ మంచిగానే వచ్చింది. మర్నాటికి అంత పులుపు, నోట్లో పెట్టుకోలేకపోయాం. అవ్వ రుబ్బినదానికి అది ఎందులోనూ సాటి రాదు. కానీ దుకాణం నుంచి కాళ్లు పీకుతూ వచ్చిన రోజున పనికొస్తుంది, అబద్ధమెందుకు.

పసుపు సబ్బు అని ఒకటి వచ్చింది. అట్టపెట్టె మీద పసుపు కొమ్ములు కుప్పపోసిన బొమ్మ. లావణ్య వాళ్లది పసుపు పండించే ఇల్లు. వాసన చూసి, "ఇండ్ల పసుపేడున్నదే? రంగే ఉన్నది. మా బాపుకు సూపిస్తే పెట్టెతోని కొడ్తడు" అంది. నురుగు మాత్రం బాగా వస్తుంది. అయినా వాడుకున్నాం.

చెవిలో దూర్చుకునే తీగ లేని ఇయర్‌ఫోన్లు దుకాణంలో ఒకామె వాడి చూడమని ఇచ్చింది. పాట చాలా బాగా వినపడుతుంది. ఎంత బాగా అంటే వెనక నుంచి ఆటో హారను కొడుతున్నా వినపడలేదు. డ్రైవరు తిట్టిన తిట్టు కూడా వినపడలేదు, అతని నోరు కదలడం చూసి తెలుసుకున్నాను. తిరిగి ఇచ్చేశాను.

ఫోన్లో ముక్కలు ముక్కలుగా వచ్చే సీరియల్ ఒకటి చూసేవాళ్లం. ఎవరో తలుపు తెరుస్తారు, అక్కడికి ఆగిపోతుంది. తర్వాతిది చూడాలంటే డబ్బు కట్టమంటుంది. మేం కట్టలేదు. తలుపు వెనక ఎవరున్నారో అని మేమే అనుకుని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు దాన్ని పెట్టబుద్ధి కావడం లేదు.

సెలవు రోజున మ్యాట్నీకి దయ్యాల సినిమాకు పోయాం. కథలో ఏమీ లేదు బాపూ. పాడుబడ్డ బంగళా, అద్దంలో ముసలమ్మ. అయినా లావణ్య నా చెయ్యి గిచ్చి గిచ్చి కమిలేటట్టు చేసింది. నేనూ అరిచాను. బయటికొచ్చి మిరపకాయ బజ్జీలు తిని, ఎవరు ఎక్కువ అరిచారని పోట్లాడుకున్నాం. భయపడడానికి టికెట్టు కొనుక్కుని పోయాం చూడు. నిజంగా భయం వచ్చినప్పుడు గొంతులోంచి అరుపే రాదని అప్పుడు తెలియదు.

ఇంకొకటి, తలనొప్పికి నుదుటి మీద రుద్దుకునే చిన్న సీసా. పైన గోళీ ఉంటుంది, రుద్దితే చల్లగా మందు దిగుతుంది. పొద్దున్నే స్నానం చేసి దుకాణానికి పోయేసరికి నాకూ లావణ్యకూ తల పగిలేటట్టు నొప్పి వచ్చేది. సరిగా తినక అనుకున్నాం. దుకాణంలో లైట్ల వెలుతురుకు అనుకున్నాం. ఆ సీసా కొని ఇద్దరం పంచుకుని రుద్దుకున్నాం. చల్లగా ఉంటుంది, నొప్పి మాత్రం పోదు. మధ్యాహ్నానికి దానంతట అదే తగ్గేది. మందు పనిచేసిందనుకునేవాళ్లం.

ఇప్పుడు గీజర్ సంగతి రాస్తాను.

అది గ్యాసుతో నడిచేది. స్నానాల గది గోడకు బిగించిన తెల్ల డబ్బా. సిలిండరు బయట వరండాలో ఉండేది. నల్లా తిప్పగానే డబ్బాలో టప్పుమని మంట అంటుకుంటుంది, నీళ్లు పొగలు కక్కుతూ వస్తాయి. కట్టెలక్కర లేదు, కరెంటు అక్కర లేదు. పోయిన ఉత్తరంలో నేను దాన్ని ఎంత మెచ్చుకుని రాశానో నీకు గుర్తుండే ఉంటుంది. అది చదివాకే నువ్వు, బాలింతకూ పసిబిడ్డకూ ఎప్పుడంటే అప్పుడు వేన్నీళ్లు దొరుకుతాయి, మనమూ ఒకటి తెచ్చుకుందాం అన్నావు. అవ్వ కట్టెలపొగకు దగ్గే బాధ తప్పుతుందన్నావు. నీ ఆలోచనలో తప్పేం లేదు బాపూ.

మా స్నానాల గదికి ఒకే ఒక చిన్న కిటికీ. ఇక్కడ కోతుల బాధ నీకు చెప్పాను కదా. ఆ కిటికీలోంచి చెయ్యి పెట్టి సబ్బులు, షాంపూ సీసాలు ఎత్తుకుపోతుంటే, ఇంటి యజమాని శంకరమ్మ పెద్దమ్మ దానికి రేకు కొట్టించింది. చలిగాలి కూడా రావడం లేదని మేం సంతోషించాం. గీజర్ బిగించినతను ఆ రేకును చూశాడు, ఏమీ అనలేదు. మాకు అడగాలని తెలియదు.

అది కార్తీక సోమవారం. లావణ్య తలస్నానం చేసి గుడికి పోయి, అటునుంచి అటే దుకాణానికి వస్తానంది. బట్టలు భుజాన వేసుకుని, పాట పాడుకుంటూ లోపలికి పోయి గడియ పెట్టుకుంది. నేను ఉప్మాకు రవ్వ వేయిస్తున్నాను. నీళ్ల చప్పుడు వినపడుతూనే ఉంది.

"లావణ్యా, అయిందా? గుడి కాడ లైను పెద్దగుంటదే," అని పిలిచాను.

‘ఆ’ అన్నట్టు అనిపించింది. అన్నదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె అన్నదనుకుని నేను ఉల్లిగడ్డ కోసుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి మగ్గు కింద పడ్డ చప్పుడైంది. తర్వాత ఇంకో చప్పుడు. తడిసిన బట్టలమూట నేల మీద వేసినట్టు, మెత్తగా. పొయ్యి ఆర్పి పోయి తలుపు కొట్టాను. పలకలేదు. "ఆటలాడకే, దయ్యం సినిమ అయిపోయింది," అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను బాపూ. తలుపు కింది సందులోంచి నీళ్లు వచ్చి నా పాదాలకు తగిలాయి. వెచ్చగా ఉన్నాయి.

అరుద్దామంటే గొంతు రాలేదు. మెట్ల దాకా పోయి రేకు డబ్బా ఒకటి కిందికి విసిరాను. ఆ చప్పుడుకు శంకరమ్మ పెద్దమ్మ బయటికి వచ్చింది. ఎదురింటి ఖదీర్ అన్న వాకిట్లో ఆటో కడుక్కుంటున్నాడు. ఇద్దరూ పైకి ఉరికొచ్చారు.

ఖదీర్ అన్న తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. "లోపట ఆడపిల్ల తానం చేస్తున్నది గదమ్మా," అన్నాడు.

"పానం పోతుంటే ఆడపిల్ల ఏందిరా! వగలగొట్టు. పోతే తలుపు పోతది," అని పెద్దమ్మ గట్టిగా అంది.

"చెల్లె, ముందుగాల చద్దరు తే," అన్నాడు నాతో. నేను మంచం మీది చద్దరు లాక్కొచ్చాను. భుజంతో గుద్దాడు, రాలేదు. మళ్లీ గుద్దాడు. గడియ ఊడి తలుపు తెరుచుకుంది. వెంటనే అతను గోడ వైపు తిరిగి, రెండు చేతులతో ముఖం కప్పుకుని, "పోండ్రి, మీరు పోండ్రి, జల్ది," అన్నాడు.

లోపల ఏమీ కనిపించనంత ఆవిరి. లావణ్య గోడకు ఆనుకుని ఒరిగిపోయి ఉంది. తడిజుట్టు ముఖమంతా కప్పేసింది. నల్లా నీళ్లు ఆమె కాళ్ల మీద పడుతూనే ఉన్నాయి. పైన డబ్బాలో నీలిమంట ఏమీ జరగనట్టు వెలుగుతూనే ఉంది. పెద్దమ్మ నల్లా కట్టేస్తే అది ఆరిపోయింది. చద్దరు చుట్టి ఇద్దరం వరండాలోకి ఈడ్చుకొచ్చాం. అంతలోనే నా తల కూడా తిరిగింది. ఆమెకు ఊపిరి ఉందో లేదో నాకు తెలియడం లేదు. పెద్దమ్మ ముక్కు దగ్గర వేళ్లు పెట్టి, "ఉన్నది బిడ్డా, ఉన్నది. భయపడకు, కాళ్లు పట్టు," అంది.

ఖదీర్ అన్న ఆటో ఎట్లా నడిపాడో దేవుడికి తెలియాలి. లావణ్య తల నా ఒళ్లో ఉంది. "కండ్లు తెరువే, ఒక్కసారి తెరువే," అని దారి పొడుగునా అదే మాట. ఆమె కళ్లు సగం తెరిచే ఉన్నాయి, కానీ నన్ను చూడడం లేదు. తెలిసిన మనిషి ముఖంలో మనిషి లేకపోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలిసింది. అది ఏ సినిమాలోనూ లేదు.

దవాఖానాలో ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"బాత్‌రూమ్‌ల గ్యాస్ గీజర్ ఉన్నదా?"

"ఉన్నది సార్. కని గ్యాసు వాసన రాలే. లీకు గాలే."

"లీకు కాదమ్మా. మూసిన గదిల మంట మండితే గాలి విషమైతది. దానికి వాసనుండదు, రంగుండదు. పీల్చేటోళ్లకు తెల్వదు. ఇన్ని రోజులు పొద్దున తలనొప్పి లేకుండెనా మీకు?"

"ఉండె సార్," అన్నాను. నా చేతిసంచిలో ఆ గోళీ సీసా ఉంది బాపూ. ఆ గదిలో ఎన్ని పొద్దులు నేనూ గడియ పెట్టుకుని, వేన్నీళ్లు హాయిగా ఉన్నాయని ఇంకాసేపు నిలబడ్డానో గుర్తొచ్చింది. గోడ పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను.

మధ్యాహ్నానికి లావణ్య కళ్లు తెరిచింది. మొదట నన్ను గుర్తుపట్టలేదు. తర్వాత గుర్తుపట్టి, "గుడికి పోయినమా?" అని అడిగింది. "పోయినం," అని అబద్ధం చెప్పాను. సాయంత్రానికి భీమ్‌గల్ నుంచి వాళ్లవ్వ వచ్చింది. నన్ను తప్పుపట్టలేదు. వాళ్లవ్వ బిడ్డ చెయ్యి ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి నా తల మీద పెట్టి, "నువ్వు మంచిగున్నవా బిడ్డా? నువ్వేమన్న తిన్నవా?" అని అడిగింది. అప్పటిదాకా ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది.

ఇప్పుడు ఆమె బాగానే ఉంది. గదికి తిరిగొచ్చింది, దుకాణానికి కూడా మెల్లగా వస్తున్నది. అప్పుడప్పుడు మాట మధ్యలో ఆగిపోయి వెతుక్కుంటుంది. మొన్న ఒకామెకు చీర చూపిస్తూ ‘అంచు’ అనే మాట దొరక్క, వేలితో చూపించి నిలబడిపోయింది. డాక్టరు తగ్గుతుందన్నాడు. తగ్గుతుంది. పెద్దమ్మ ఆ డబ్బాను ఊడదీయించి గోనెసంచిలో కట్టి పైన డాబా మీద పడేసింది. కిటికీ రేకు కూడా తీయించింది. మళ్లీ కోతులు వస్తున్నాయి. పసుపు సబ్బు ఎత్తుకుపోయాయి. "తీస్కపోనీయ్, సబ్బే గద," అంది పెద్దమ్మ.

మేం ఇప్పుడు పొయ్యి మీద నీళ్లు కాచుకుని బకెట్లో పోసుకుంటున్నాం. భయపడడానికి ఆ గదిలో ఇప్పుడేమీ లేదు. నాకు తెలుసు. అయినా ఆమె స్నానానికి పోతే నేను తలుపు బయట పీట వేసుకుని కూర్చుంటాను. నేను పోతే ఆమె కూర్చుంటుంది. గడియ పెట్టుకోం. లోపలి మనిషి మాట్లాడుతూ ఉండాలి, అదీ మా ఒప్పందం. ఏదైనా సరే, చీరల ధరలు, వాళ్ల మేనత్త కోడలి సంగతి, ఏదో ఒకటి.

నిన్న ఆమె చెప్తూ చెప్తూ ఆగిపోయింది. "లావణ్యా," అన్నాను. పలకలేదు. "లావణ్యా!" అని తలుపు తోసుకుని లోపలికి పోయాను. ముఖమంతా సబ్బు నురుగుతో, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది.

"నోరు తెరిస్తే సబ్బు పోతదే పిచ్చిదానా," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. తడినేల మీదనే కూర్చున్నాను. ఆమె నవ్వు ఆపి, సబ్బు కడుక్కుని, నా పక్కన కూర్చుంది. ఆరోజు సంగతి ఆమెకు పెద్దగా ఏమీ గుర్తు లేదట. తలనొప్పిగా ఉందనుకున్నదట, కాస్త కూర్చుందామనుకున్నదట. అంతే.

కాబట్టి బాపూ, ఆ గీజర్ తేవద్దు. మన స్నానాల గది నీకు తెలుసు కదా. పోయిన వానాకాలం నువ్వే పైన సందులన్నీ రేకులతో మూసేశావు, దానికి కిటికీ కూడా లేదు. ఈపాటికే కొని ఉంటే తిరిగి ఇచ్చెయ్యి. వాళ్లు తీసుకోకపోతే పడి ఉండనీ, గోడకు మాత్రం బిగించకు. కోపం తెచ్చుకోకు. ఎప్పటిలాగే వాకిట్లో కాగు పెట్టి నీళ్లు కాచండి, అవ్వకు దగ్గొస్తే నువ్వు పోయి కట్టెలు ఎగదొయ్యి. నేను సెలవు పెట్టుకుని కాన్పుకు వస్తాను, ఆ పని నేను చూసుకుంటాను.

ఇంకో మాట డాక్టరు చెప్పాడు. ఇది రాయడానికే నాకు ఎక్కువ భయమేస్తున్నది. గీజర్ ఒక్కటే కాదట. తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టినా ఇదే జరుగుతుందట. చలికాలం కాన్పు. బాలింత మంచం కింద కుంపటి పెట్టి, తలుపు సందుల్లో పాత చీరలు దోపడం అవ్వకు అలవాటు. అక్క పుట్టినప్పుడు పెట్టారు, నేను పుట్టినప్పుడు పెట్టారు, ఏమీ కాలేదు అంటుంది. ఏమీ కాలేదు, నిజమే. అయినా వద్దు. మందం దుప్పట్లు రెండు నేను కొని తెస్తున్నాను, పసిబిడ్డకు ఉన్ని టోపీ కూడా తీశాను. గదిలో నిప్పు మాత్రం పెట్టనీయకు. అవ్వను ఒప్పించడం నీకు కష్టమే. అవ్వ అలిగితే అలగనీ, అన్నం తిననంటే నేనొచ్చి బతిమాలుకుంటాను. కానీ పెట్టనీయకు.

గంగారాం మామ తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతికి కొంచెం కొత్త బెల్లం పంపు, లావణ్య అడుగుతున్నది. నా ఉన్ని స్వెటర్ పెట్టెలో అడుగున ఉంటుంది, అది కూడా. పెద్దబాపుకు, చిన్నమ్మకు, వాడకట్టులో అడిగినవాళ్లందరికీ దండాలు చెప్పు. బావకు కూడా.

ఉత్తరం చివర ‘నా గురించి భయపడకండి’ అని రాయడం అలవాటు. ఈసారి కూడా రాయబోయి ఆగాను. నా గురించి భయపడకు. కానీ అక్క ఉన్న ఇంట్లో మూసిన తలుపు కనపడితే భయపడు బాపూ. పిలిస్తే పలకడం కాస్త ఆలస్యమైనా భయపడు, తలుపు తోసి చూడు. ఎవరేమనుకున్నా సరే. నా కోసం ఆ కొంచెం భయం నీ దగ్గర ఉంచుకో.

నీ చెయ్యి నా నెత్తిన ఉండాలని కోరుకునే

నీ చిన్నబిడ్డ
సుజాత